జవాబు చెప్పేముందు ఒక్కసారి విద్యార్థిని అడగండి: రాయలసీమ వైద్య అధ్యాపకులకు బహిరంగ లేఖ

మన సీమ మెడికల్ కాలేజీల్లో పాఠాలు చెప్పే ప్రొఫెసర్లకు, అసోసియేట్, అసిస్టెంట్ ప్రొఫెసర్లకు, ప్రిన్సిపాళ్లకు, పరీక్షలు నిర్వహించే విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం పెద్దలకు నమస్కారం.

నేను కర్నూలు జిల్లా పడమటి వైపు, ఆదోని చుట్టుపక్కల ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పి.హెచ్.సి.)లో మెడికల్ ఆఫీసర్‌ని. మీ దగ్గర చదువుకున్న పిల్లలు చివర్లో ఆస్పత్రుల్లో పనిచేస్తూ నేర్చుకునే హౌస్ సర్జన్లుగా మా దగ్గరికి పోస్టింగ్‌కి వస్తారు. వాళ్లతో పనిచేస్తూ, వాళ్లు ఎక్కడ తడబడుతున్నారో చూస్తూ వచ్చాక ఈ ఉత్తరం రాయాలనిపించింది. నేను అడిగేది ఒక్కటే. క్లాసులో గానీ వార్డులో గానీ పరీక్షలో గానీ, జవాబు మీరు చెప్పేముందు విద్యార్థి చేత ఒక నిర్ణయం తీసుకునేలా చేయండి. తప్పు నిర్ణయమైనా పర్వాలేదు, మీ ముందు తప్పు చేస్తే దిద్దడానికి మీరున్నారు. మా దగ్గరికొచ్చి మొదటిసారి తప్పు చేస్తే అక్కడ మంచం మీద మనిషి ఉంటాడు.

ఏం జరుగుతోందో చెప్తాను. ఆ మధ్య ఒక తెల్లవారుజామున ఒకామెను ఆటోలో తీసుకొచ్చారు, ముప్పై ఏళ్లుంటాయి. రాత్రి ఇంట్లో నేల మీద చాప పరుచుకుని పిల్లల పక్కన పడుకుంది, మూడు గంటలప్పుడు కడుపునొప్పి అని లేచి రెండుసార్లు వాంతి చేసుకుంది. డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్ రాత్రి ఏం తిన్నావమ్మా అని అడిగింది, కడుపు నొక్కి చూసింది, గ్యాస్‌కి ఇంజెక్షన్ రాసింది. పక్కన నిలబడ్డ భర్త "కండ్లు తెరవలేకుండా ఉంది మేడం, నిద్ర మత్తేమో" అన్నాడు. ఆ మాటలోనే జబ్బంతా ఉంది. నేను వెళ్లి చూసేసరికి రెప్పలు సగానికి వాలిపోయి ఉన్నాయి, మింగడం కష్టంగా ఉంది, ఒంటి మీద ఎక్కడా కాటు గుర్తు లేదు. కట్లపాము. విషానికి మందు పది వయల్స్ ఎక్కించి, 108లో ఊపిరి అందించే అంబూ బ్యాగ్ చేత్తో నొక్కుకుంటూ ఆదోనికి, అక్కడి నుంచి కర్నూలు పెద్దాస్పత్రి వెంటిలేటర్ మీదికి. ఆమె బతికి ఇంటికొచ్చింది.

మధ్యాహ్నం ఆ హౌస్ సర్జన్ అమ్మాయిని కూర్చోబెట్టి కట్లపాము గురించి అడిగితే ఒక్క ముక్క తప్పకుండా చెప్పింది. రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లకు, నొప్పి ఉండదు, కోరల గుర్తులు కనపడకపోవచ్చు, తెల్లవారుజామున కడుపునొప్పి, తర్వాత రెప్పలు వాలడం, తర్వాత ఊపిరి. అంతా కంఠతా. మరి పొద్దున ఎందుకు తట్టలేదు? ఎందుకంటే కాలేజీలో ఆ పాఠం ఎప్పుడు విన్నా బోర్డు మీద మొదట "పాముకాటు" అని రాసి ఉంటుంది, దాని కింద లక్షణాలు వస్తాయి. ఆస్పత్రిలో ఇది తలకిందులుగా జరుగుతుంది. కడుపునొప్పి మొదట వస్తుంది, జబ్బు పేరు చివరికి దొరుకుతుంది, దాన్ని వెతికే దారి మాత్రం ఇన్నేళ్ల చదువులో ఆ అమ్మాయి చేత ఎవరూ నడిపించలేదు. తప్పు ఆ పిల్లది కాదు.

అదే పాఠాన్ని తిప్పి చెప్పి చూడండి. క్లాసు పేరు చెప్పొద్దు. స్లైడ్ మీద నాలుగు లైన్లు: పొద్దున ఆరు గంటలు, ముప్పై ఏళ్ల ఆడమనిషి, కడుపునొప్పి, వాంతి, రాత్రి నేల మీద పడుకుంది. ఇప్పుడు మీరు అడిగే మొదటి ప్రశ్న ఏది? నాలుగు ఆప్షన్లు. ఒక్కొక్కరి దగ్గర నాలుగు రంగుల అట్టముక్కలు ఉంటాయి, పక్కవాడిని చూడకుండా ఒకటి ఎత్తాలి. ఫోన్ యాప్‌లు ఉన్నాయి గానీ మన లెక్చర్ హాళ్లలో సిగ్నల్‌ని నమ్ముకుంటే అయ్యే పని కాదు, అట్టముక్కలే మేలు. హాలంతా ఒక్క చూపులో మీకు అర్థమైపోతుంది. మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల మంది సరిగ్గా ఎత్తారనుకోండి, మీరేం చెప్పకండి, పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోమనండి, మళ్లీ ఎత్తమనండి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. అప్పుడే నేర్చుకున్న పక్క కుర్రాడు చెప్పింది తొందరగా తలకెక్కుతుంది, ఎందుకంటే ఎక్కడ అర్థం కాదో వాడికి ఇంకా గుర్తుంటుంది. తర్వాత రెప్పల ఫొటో చూపించి రెండో ప్రశ్న. మందు మొదలుపెట్టాలా, ముందు పంపేయాలా అని మూడో ప్రశ్న. దారిలో ఊపిరి ఆగితే ఎవరు ఏం చేయాలి అని నాలుగోది. ఆ గంట అయ్యాక పిల్లలు అడక్కుండానే పుస్తకం తెరుస్తారు.

ఇదంతా సరదాకి చెప్తున్నది కాదు. 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్స్, ఇంజినీరింగ్, గణితం క్లాసుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూస్తే, ఉపన్యాసం మాత్రమే విన్న క్లాసుల్లో ఫెయిలయ్యే అవకాశం ఒకటిన్నర రెట్లు ఉందని తేలింది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంకో సంగతి చూపించారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. అంటే క్లాసులో వేసే చిన్న ప్రశ్నలో సగం చదువు అయిపోతుంది. ఇక్కడ ఒక మాట. ట్రైనింగుల్లో తరచూ కనిపించే ఒక స్లైడ్ ఉంది, చదివితే పది శాతం గుర్తుంటుంది, వింటే ఇరవై, చేస్తే తొంభై అని, దానికింద ఎడ్గార్ డేల్ పేరు. డేల్ 1946లో వేసిన బొమ్మలో ఆ అంకెలు లేనే లేవు, ఎవరో తర్వాత తగిలించినవి. దయచేసి ఆ స్లైడ్ తీసేయండి. ఆధారంతో వైద్యం చేయమని నేర్పేవాళ్లం, ఆధారం లేని అంకెలతో పాఠం చెప్పే పద్ధతి నేర్పకూడదు కదా.

ఫస్టియర్ పిల్లలకు ఇవన్నీ అప్పుడే ఎందుకని కొందరు సార్లు అంటారు. నాకైతే ఫస్టియర్‌లోనే ఎక్కువ అవసరమనిపిస్తుంది. రక్తం గడ్డకట్టే దారులు, ఆ ఫ్యాక్టర్ల నంబర్లు, పన్నెండు, పదకొండు, తొమ్మిది అని ఒకటే బట్టీ, ఎందుకు చదువుతున్నామో తెలియని బట్టీ. దానికి బదులు క్లాసు మొదట్లోనే ముందుకొచ్చిన ఒకరి దగ్గర కాస్త రక్తం తీసి, శుభ్రంగా పొడిగా ఉన్న గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్లు, ప్లాస్టిక్ ట్యూబులో రెండు మిల్లీలీటర్లు పోసి బల్ల మీద కదపకుండా పెట్టండి. ఏది ముందు గడ్డకడుతుంది, ఎందుకు? అట్టముక్కలు ఎత్తమనండి. ఇరవై నిమిషాలు పాఠం చెప్పండి, కళ్లన్నీ మాటిమాటికీ ఆ ట్యూబుల మీదికే పోతుంటాయి. తర్వాత మెల్లగా వంచి చూపించండి. గాజు తగిలితే పన్నెండో ఫ్యాక్టర్ మేల్కొంటుంది, అందుకే గాజులో తొందరగా గడ్డకడుతుంది, ప్లాస్టిక్‌లో ఆలస్యమవుతుంది. ఇప్పుడు చెప్పండి, రక్తపింజర కరిచినవాడికి పి.హెచ్.సి.లో ల్యాబ్ లేకపోయినా మనం చేసే పరీక్ష ఇదే, ఇరవై నిమిషాల తర్వాత వంచినప్పుడు రక్తం నీళ్లలా జారిపోతే విషం పనిచేస్తోందని అర్థం, ప్లాస్టిక్ ట్యూబులో చేస్తే మోసపోతారు అని. అక్కడి నుంచి కట్లపాము దగ్గరికి రండి, ఆ విషం నరాల మీద పోతుంది, ట్యూబులో రక్తం మామూలుగానే గడ్డకడుతుంది, గడ్డకట్టింది కదా అని ఇంటికి పంపితే మనిషి పోతాడు. ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, ఫోరెన్సిక్, మెడిసిన్ నాలుగూ ఒక్క గంటలో కలిశాయి, ఖర్చు రెండు ట్యూబులు, ఒక సిరంజి. మా పి.హెచ్.సి.కి వచ్చే పిల్లల్లో ప్లాస్టిక్ ట్యూబు పట్టుకొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ 1969లో మొదలుపెట్టిన సమస్య ఆధారిత బోధన గొప్పదే. కానీ ఎనిమిది తొమ్మిది మంది విద్యార్థులకు ఒక ట్యూటర్ కావాలి. రెండు వందల మంది పైగా ఉన్న బ్యాచ్‌కి, సగం పోస్టులు ఖాళీగా ఉన్న డిపార్ట్‌మెంట్‌తో అది కుదరదు, కుదురుతుందని రిపోర్టులు రాసుకోవడం వల్ల ఉపయోగం లేదు. మనకు సరిపోయేది ల్యారీ మైకెల్సన్ 1970ల చివర్లో ఓక్లహోమాలో కనిపెట్టిన జట్ల పద్ధతి, ఎందుకంటే ఆయన సమస్య కూడా ఇదే, ఒక్క టీచరు, కిక్కిరిసిన క్లాసు. ఇంటి దగ్గర చదువుకుని రావాలి, రాగానే ఒక్కొక్కరికి చిన్న పరీక్ష, అదే పరీక్ష మళ్లీ ఆరుగురి జట్టుగా, ఆ తర్వాత జట్లన్నిటికీ ఒకే కేసు, అందరూ ఒకేసారి జవాబు చూపించాలి. ఉదాహరణకి బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలో దుమ్ములో పనిచేసే మనిషి, ఆరు నెలలుగా దగ్గు, కఫం పరీక్షలో ఏమీ లేదు, అయినా టి.బి. మందులు వాడుతున్నాడు. టి.బి.నా, దుమ్ము జబ్బా, రెండూనా, ఇప్పుడు ఏ పరీక్ష? పది జట్లు పది మాటలు చెప్తే, పక్క జట్టుని ఒప్పించడానికి పిల్లలు పుస్తకాలు తిరగేయడం మీరే చూస్తారు. సింగపూర్‌లోని డ్యూక్-ఎన్.యు.ఎస్. వైద్య కళాశాల ఇలాంటి జట్ల పద్ధతినే తన చదువుకి ఆధారంగా పెట్టుకుంది.

క్లాసుకి రారు, వచ్చినా ఫోన్ చూస్తారు అని మీ బాధ. నిజమే. హాస్టల్లో కోచింగ్ యాప్‌లో అదే పాఠం రెండింతల స్పీడుతో చూసి, అటెండెన్స్ కోసం మాత్రమే క్లాసుకొచ్చి కూర్చుంటున్నారు. హౌస్ సర్జన్ అయ్యాక కూడా ఒక కన్ను పేషెంటు మీద, ఒక కన్ను నీట్ పి.జి. ప్రవేశ పరీక్ష మీద. దీన్ని తిట్టి ఆపలేం. వీడియోలో బాగా వచ్చే భాగాన్ని వీడియోకే వదిలేయండి, ఇంట్లో చూసి రమ్మనండి. వీడియో ఎప్పటికీ ఇవ్వలేనిది మీ దగ్గరుంది. 1956లో మొదలైన కర్నూలు మెడికల్ కాలేజీ ఆస్పత్రికి మన జిల్లాల నుంచే కాకుండా గద్వాల, రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా జనం వస్తారు. అనంతపురంలో 2000లో, కడపలో 2006లో, నంద్యాలలో 2023లో కాలేజీలు వచ్చాయి, అన్నిచోట్లా వార్డులు నిండుగా ఉంటాయి. ఏ యాప్ దగ్గరా ఆ వార్డు లేదు.

వార్డు అనగానే ఒక మాట గట్టిగా చెప్పాలి. కడుపులో ఎడమవైపు ఉండే ప్లీహం పెద్దదైన పిల్లవాడు అడ్మిట్ అయ్యాడంటే వాడి పని అయిపోయినట్టే, బ్యాచ్ మీద బ్యాచ్ వచ్చి ఇరవై చేతులు అదే కడుపు మీద. వాడు ఏడుస్తుంటాడు, తల్లి సర్కారాస్పత్రి కాబట్టి కాదనలేక నోరు మూసుకుని చూస్తుంటుంది. ఒక్కరు అడిగి, ఇద్దరు చూసి, మిగతావాళ్లు ఆ ఇద్దరు రాసిందాన్ని ప్రశ్నిస్తే చాలు. మంచం పక్కన నిలబడ్డ పదిహేను మందిలో ముందు వరుస ముగ్గురే నేర్చుకుంటున్నారు, వెనకవాళ్లు కాళ్లు మార్చుకుంటున్నారు. వెనకవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో పని ఇవ్వండి. ఒకరు పేషెంటు మాటలు మాత్రమే రాయాలి, ఒకరు అడగని ప్రశ్నలు రాయాలి, ఒకరు తల్లితో విడిగా మాట్లాడి రావాలి.

చెడ్డ కబురు చెప్పడం లాంటివి నిజమైన పేషెంటు మీద మొదటిసారి నేర్చుకోకూడదు. 1963లో అమెరికాలో హోవర్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు మామూలు మనుషులకు పేషెంటులా నటించడం నేర్పి, వాళ్లతో విద్యార్థులకు శిక్షణ ఇచ్చాడు. అది మనకు ఖరీదైన సంగతిలా వినిపిస్తుంది గానీ, సురభి నాటక సమాజం 1885లో పుట్టింది కడప జిల్లా సురభి గ్రామంలోనే. పద్యనాటకాలు ఆడేవాళ్లు ఈ జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నారు, కళాకారులకు ఏడాది పొడుగునా పని ఉండదు. వాళ్లలో నలుగురిని పిలిచి, రోజుకి ఇంత అని గౌరవంగా డబ్బిచ్చి, కడుపులో బిడ్డ పోయిన తల్లిగా, "గ్యాస్ పట్టింది సార్, ఎదలో బిగబట్టినట్టుంది" అని గుండెపోటుతో వచ్చిన పెద్దాయనగా, కొడుకు పురుగుల మందు తాగితే కోపంతో అరిచే తండ్రిగా నటింపజేయండి. ఆల్ ఇండియా కోటాలో కేరళ నుంచో రాజస్థాన్ నుంచో వచ్చిన పిల్లలకు మన సీమ మాట వినడం కూడా అక్కడే అలవాటవుతుంది. అయిపోయాక ఆ కళాకారుడినే అడగండి, ఈ డాక్టరు మాట్లాడినప్పుడు నీకెలా అనిపించింది అని. ఆ జవాబు ముందు మన వైవా మార్కులు తక్కువే.

బొమ్మల మీద చేతిపని నేర్చుకునే స్కిల్ ల్యాబ్ గురించి ఎక్కువ రాయను. బొమ్మలు ప్లాస్టిక్ కవర్లలో ఉన్నాయి, తాళంచెవి ఒక్కరి దగ్గర ఉంది, ఇన్‌స్పెక్షన్ రోజు తలుపు తెరుస్తారు. అన్నిచోట్లా ఇలాగే ఉందని అనను, నేను చూసిన చోట ఇలాగే ఉంది. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు తెరిచి ఉంచండి, సీనియర్ విద్యార్థులకు బాధ్యత ఇవ్వండి. బొమ్మ పాడైపోతుందని భయపడొద్దు, పాడయ్యేదాకా వాడటానికే కొన్నాం. కుట్లు వేయడానికి కటిక అంగట్లో దొరికే పొట్టేలు కాలు చాలు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కాలని అందరికీ తెలుసు, రెండు నిమిషాలు నొక్కాక చేతులు ఎలా లాగుతాయో నొక్కినవాళ్లకే తెలుసు.

ఒక్కో విద్యార్థి ఊళ్లో కొన్ని కుటుంబాల ఆరోగ్యాన్ని చూసుకునే కుటుంబ దత్తత కార్యక్రమం 2021-22 బ్యాచ్ నుంచి వచ్చింది, పిల్లలు ఊళ్లకు వచ్చి ఇళ్లు చూస్తున్నారు, మంచిదే. కానీ ఎక్కువమంది ఫారం నింపి, ఫొటో దిగి, బస్సెక్కుతున్నారు. మా మండలంలో చలికాలం దాటితే ఇంటికి తాళం కనపడుతుంది, జనం సుగ్గికి పోతారు, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. ఫారంలో "డోర్ లాక్డ్" అని రాసి వెళ్లిపోతే అక్కడితో అయిపోయింది. ఆ తాళం దగ్గరే అసలు పాఠం ఉంది. ఆ ఇంటి పెద్దాయనకు బి.పి. ఉంది, మాత్రలు నెలకోసారి మా దగ్గర తీసుకుంటాడు, మరి అక్కడ పొలం గట్టు మీద గుడారంలో ఉన్న నెలల్లో ఎవరిస్తారు? తిరిగొచ్చినప్పుడు పక్షవాతంతో వస్తే తప్పు ఎవరిది? ఒక్కో విద్యార్థికి ఒక్క మనిషిని అప్పగించి, ఆ మనిషి మందు ఆగకుండా ఏం చేస్తావో నువ్వే తేల్చు అనండి. ఎక్కువ రోజుల మందు ముందే ఇప్పించడమా, అక్కడి పి.హెచ్.సి.కి చీటీ రాయించడమా, ఆశా కార్యకర్తతో ఫోన్‌లో మాట్లాడటమా, వాళ్లే ఆలోచించాలి. ఏడాది తర్వాత క్లాసులో నిలబడి ఏం పనిచేసింది, ఏం పనిచేయలేదు చెప్పాలి. అది కమ్యూనిటీ మెడిసిన్ రికార్డు కంటే వంద రెట్లు మేలు.

యూనివర్సిటీ పెద్దలకు చెప్పాల్సింది పరీక్షల గురించి. 2019లో వచ్చిన సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళికలో నేను అడిగినవాటిలో చాలావరకు రాసే ఉన్నాయి, ముందుగానే రోగుల దగ్గరికి తీసుకెళ్లడం, స్కిల్ ల్యాబ్, నడవడిక, నైతికత, మాటతీరు నేర్పే మాడ్యూల్, అన్నీ. కానీ పిల్లలు తెలివైనవాళ్లు, మార్కులు ఎక్కడున్నాయో అక్కడికే పోతారు. జార్జ్ మిల్లర్ 1990లో చెప్పిన నాలుగు మెట్లు మీకు తెలుసు: తెలుసు, ఎలాగో తెలుసు, చేసి చూపిస్తాడు, రోజూ చేస్తాడు. మన పరీక్ష బరువంతా మొదటి రెండు మెట్ల మీదే ఉంది. స్కాట్లాండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్, విద్యార్థి ఒక్కో చోట ఒక్కో పని చేసి చూపించే చిన్న చిన్న స్టేషన్ల పరీక్షను ప్రకటించింది 1975లో. యాభై ఏళ్లు దాటింది. ఫైనల్ పరీక్షలో దానికి ధైర్యంగా మార్కులు పెంచండి. ఒక స్టేషన్‌లో నటించే పేషెంటు, ఒకదాంట్లో అంబూ బ్యాగ్, ఒకదాంట్లో మాలాంటి పి.హెచ్.సి. డాక్టరు ఫోన్ చేసి కేసు చెప్తాడు, ఏం చేయమంటావో ఐదు నిమిషాల్లో చెప్పాలి. చేసిన పనులు రాసుకునే లాగ్‌బుక్‌లో ఏడాది సంతకాలన్నీ ఒక్క మధ్యాహ్నంలో పడిపోయే చోట ఎంత మంచి పద్ధతి పెట్టినా నిలబడదు, కాబట్టి సంతకాలు తగ్గించండి, చూసి పెట్టే సంతకాలు పదైనా చాలు.

మీ ఇబ్బందులు నాకు తెలుసు. ఓ.పి. చూడాలి, రౌండ్లు, ఎన్.టి.ఆర్. వైద్య సేవ కాగితాలు, కోర్టు సమన్లు, ట్రాన్స్‌ఫర్ టెన్షన్, వీటన్నిటి మధ్య క్లాసు. సిలబస్ పూర్తి కాదంటారు. సిలబస్ మీరు పూర్తి చేసినా వాళ్ల బుర్రల్లో పూర్తవడం లేదు సార్, నేను చూస్తున్నాను. అందుకే క్లాసులన్నీ మార్చమని అడగడం లేదు. డిపార్ట్‌మెంటుకి నెలకి ఒక్క క్లాసు, జబ్బు పేరు రాయకుండా కేసుతో మొదలయ్యే క్లాసు పెట్టండి, పిల్లల జవాబులు దాచిపెట్టుకోండి, ఆర్నెల్ల తర్వాత అవే ప్రశ్నలు మామూలు క్లాసు పిల్లల్నీ ఈ క్లాసు పిల్లల్నీ అడిగి మీరే పోల్చుకోండి. నా మాట తప్పని తేలితే మానేయండి.

కేసులు తయారు చేయడానికి టైమ్ లేదంటే మేమిస్తాం. మా డివిజన్‌లో ఇద్దరు ముగ్గురు మెడికల్ ఆఫీసర్లం మాట్లాడుకున్నాం. పేర్లు, ఊర్లు తీసేసి, పేషెంటు చెప్పిన మాటలు చెప్పినట్టే ఉంచి, మేం ఏ గంటకు ఏం చేశామో, చివరికి ఏమైందో రాసి పంపుతాం. రెండో శనివారాలు నేను కర్నూలు వచ్చి క్లాసులో కూర్చోగలను, పేషెంటు తరఫున పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పగలను. ఏ డిపార్ట్‌మెంట్ ముందుకొచ్చినా సరే, కట్లపాము కేసు ఇప్పటికే రాసి పెట్టాను.

ఇట్లు,
ఆదోని డివిజన్‌లో పనిచేస్తున్న ఒక మెడికల్ ఆఫీసర్